ఫిబ్రవరి 6: జనరంజక సంగీత చరిత్రలో తేదీ, తిథి, స్మృతి - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

'చరిత్రలో ఈ రోజు' అనే శీర్షిక పత్రికల్లో, ఆకాశవాణిలో, పోటీపరీక్షల పుస్తకాల్లో చిరపరిచితమైనది. సంగీత చరిత్ర సామాన్య పాఠకునికి ఎక్కువగా అందుతున్నది ఈ రూపంలోనే. ఒక తేదీ కింద జననాలు, మరణాలు, విడుదలలు వరుసగా చేర్చే ఈ పద్ధతి దేనిని చరిత్రగా గుర్తిస్తున్నది, దేనిని వదిలివేస్తున్నది అన్న ప్రశ్న తగినంతగా చర్చకు రాలేదు. ఫిబ్రవరి 6 అనే ఒకే తేదీని ఆధారంగా తీసుకొని, 'భక్త ప్రహ్లాద' విడుదల (1932), బాబ్ మార్లే జననం (1945), కవి ప్రదీప్ జననం (1915), లతా మంగేష్కర్ మరణం (2022) అనే నాలుగు నమోదులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తేదీ ప్రధానంగా మొదటిసారిని నమోదు చేస్తుందని, జనరంజక సంగీతం మాత్రం పునరావృతి మీద ఆధారపడి జీవిస్తుందని, ఈ రెంటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని గుర్తించకుండా రాసే సంగీత చరిత్ర అసంపూర్ణమని ప్రతిపాదించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: జనరంజక సంగీతం, తెలుగు సినిమా పాట, భక్త ప్రహ్లాద, చందాల కేశవదాసు, లతా మంగేష్కర్, బాబ్ మార్లే, తిథి, తేదీ.

1. ఉపోద్ఘాతం:

సాహిత్య చరిత్రకారులకు కాలనిర్ణయం ఒక పెద్ద సమస్య. నన్నయ కాలం, తిక్కన కాలం, శ్రీనాథుని రాజాశ్రయాల క్రమం మొదలైన విషయాలపై శాసనాలు, అవతారికలు, ఆశ్వాసాంత గద్యలు ఆధారంగా తరతరాలుగా వాదోపవాదాలు జరిగాయి. శతాబ్దాన్ని నిర్ణయించడమే గగనమైన చోట నెల, తేదీ అన్న ప్రసక్తి రాదు. ఇరవయ్యో శతాబ్దపు జనరంజక సంగీతానికి వచ్చేసరికి పరిస్థితి తారుమారైనట్లు కనిపిస్తుంది. పత్రికా ప్రకటనలు, సెన్సారు పత్రాలు, గ్రామఫోన్ కంపెనీల జాబితాలు, ఆకాశవాణి రికార్డులు ఉన్నాయి కాబట్టి ప్రతి సంఘటనకూ కచ్చితమైన తేదీ దొరుకుతుందన్న నమ్మకం బలపడింది. 'చరిత్రలో ఈ రోజు' శీర్షికకు ప్రాణం పోసింది ఈ నమ్మకమే.

ఈ శీర్షికలోని వాక్యాలకు ఒక నిర్దిష్ట స్వరూపం ఉన్నది. సంవత్సరం, వ్యక్తి పేరు, ఒక క్రియ. ఆ క్రియ సాధారణంగా జన్మించారు, మరణించారు, విడుదలైంది అనే మూడింటిలో ఒకటి. కార్యకారణ సంబంధం ఉండదు. ఒక నమోదుకూ దాని పక్కనున్న నమోదుకూ ఉన్న బంధం తేదీ ఒక్కటే. సమాచారం చెప్పడానికి ఈ రూపం సరిపోతుంది. చరిత్ర చెప్పడానికి ఏ మేరకు సరిపోతుందన్నది పరిశీలించవలసిన విషయం. ఇందుకు ఫిబ్రవరి 6 అనుకూలమైన తేదీ. తెలుగు సినిమా పాట పుట్టుక, ఒక ద్వీప దేశపు జాతీయ స్వరం పుట్టుక, భారతీయ నేపథ్యగానంలో ఒక యుగాంతం ఈ తేదీ కిందనే నమోదవుతున్నాయి.

2. 'భక్త ప్రహ్లాద': తేదీ మారితే చరిత్ర మారుతుందా?

తొలి సంపూర్ణ తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. సినిమా చరిత్ర గ్రంథాలు, ప్రత్యేక సంచికలు, వార్షికోత్సవ సభలు అన్నీ ఆ తేదీనే అనుసరించాయి. ఈ తేదీని ప్రశ్నించి, నాటి ఆధారాలను వెలికి తీసినవారు పాత్రికేయులు, పరిశోధకులు రెంటాల జయదేవ. చిత్రానికి 1932 జనవరి 22న బొంబాయిలో సెన్సారు పూర్తయిందని, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో తొలి ప్రదర్శన జరిగిందని ఆయన పరిశోధన నిరూపించింది. సెన్సారుకు ముందే సినిమా విడుదల కావడం అసంభవం కాబట్టి పాత తేదీ నిలబడలేదు. ఇటీవలి కాలంలో ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవంగా జరుపుకోవడం మొదలైంది.

ఈ సవరణ ఐదు నెలల తేడాకు సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. దాని పర్యవసానం చిన్నది కాదు. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలోనే వచ్చిన 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదలైంది. అందులో నాయిక టి.పి.రాజలక్ష్మి తమిళంలోనూ, నాయకుడు తెలుగులోనూ మాట్లాడారు. త్యాగరాజ కీర్తనలు కూడా ఆ చిత్రంలో వినిపించాయి. పాత లెక్క ప్రకారం 'భక్త ప్రహ్లాద' ముందు, 'కాళిదాస్' తరువాత. కొత్త లెక్కలో ఈ క్రమం తలకిందులైంది. అంటే వెండితెర మీద తెలుగు మాట, తెలుగు పాట మొదట వినిపించినది సంపూర్ణ తెలుగు చిత్రంలో కాదు, పలు భాషలు కలగలిసిన ఒక చిత్రంలో.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరు చేయవలసి ఉన్నది. తొలి తెలుగు సినిమా ఏది అన్నది ఒక ప్రశ్న. సినిమాలో వినిపించిన తొలి తెలుగు పాట ఏది అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి ఫిబ్రవరి 6 సమాధానం. రెండవదానికి అది సమాధానం కాదు. తేదీల జాబితాలు ఈ రెంటినీ ఒకటిగా భావించి, సినిమా పుట్టినరోజునే సినిమా పాట పుట్టినరోజుగా ప్రకటిస్తాయి. సినిమాకు రాసిన పాట, సినిమాలోకి తెచ్చుకున్న పాట అనే విభజన చేసుకున్నప్పుడు మాత్రమే ఫిబ్రవరి 6కు సంగీత చరిత్రలో నికరమైన స్థానం దొరుకుతుంది. 'కాళిదాస్'లోని కీర్తనలు అప్పటికే శతాబ్దానికి మించిన సంప్రదాయానికి చెందినవి. తెలుగు సినిమా కోసం ఒక కవి పాటలు రాయడం 'భక్త ప్రహ్లాద'తో మొదలైంది. ఆ కవి చందాల కేశవదాసు.

తొలి ప్రదర్శన జరిగిన స్థలం కూడా గమనార్హం. తెలుగు సినిమా మొదట పలికింది బొంబాయిలో. నిర్మాత అర్దేషిర్ ఇరానీ. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దీనికి మూలం. తెర మీద నటించి పాడినవారిలో సురభి కమలాబాయి వంటి రంగస్థల కళాకారులు ఉన్నారు. నేపథ్యగానం ఇంకా రాని కాలం కాబట్టి నటించేవారే కెమెరా ముందు పాడవలసి వచ్చేది. కనుక ఈ తేదీన పుట్టినదిగా చెప్పే సంగీతం నిజానికి నాటకరంగం నుంచి నడిచివచ్చినది. దాని పుట్టుక మరెక్కడో, మరెప్పుడో జరిగింది. ఫిబ్రవరి 6 ఆ సంగీతం స్థలం మార్చుకున్న రోజు.

3. తేదీ లేని పాట: చందాల కేశవదాసు

నేటి ఖమ్మం జిల్లాలోని జక్కేపల్లిలో 1876లో జన్మించిన చందాల కేశవదాసు హరికథకునిగా, నాటకకర్తగా, అవధానిగా ప్రసిద్ధులు. 'భక్త ప్రహ్లాద'కు పాటలు రాసి తొలి తెలుగు సినీకవి అయ్యారు. ఆ చిత్రం ప్రతులు నేడు లభ్యం కావడం లేదు. అందువల్ల ఆయనకు చరిత్రలో స్థానం కల్పించిన పాటలను వినే అవకాశం ఈ తరానికి లేదు.

ఆయన రాసిన మరికొన్ని పాటలు మాత్రం జనం నాలుకల మీద నిలిచాయి. పౌరాణిక నాటకాల ఆరంభంలో తెర లేవక ముందే నటీనటులంతా కలిసి పాడే ప్రసిద్ధమైన ప్రార్థనాగీతం ఆయనదే. 'శ్రీకృష్ణ తులాభారం'లో కృష్ణుని బేరానికి పెట్టే సందర్భంలో నారదుడు పాడే పాట కూడా ఆయన రచనే. నాటకం చూసే అలవాటు ఉన్న పల్లెల్లో ఈ రెండు పాటలు తెలియని పెద్దవారు అరుదు. అయినా 'చరిత్రలో ఈ రోజు' శీర్షికలో వీటికి చోటు లేదు. కారణం, వాటికి తేదీ లేదు. ఫలానా ఊళ్ళో ఫలానా రాత్రి ఆ ప్రార్థనను మొదటిసారి పాడారని చెప్పే పత్రం ఏదీ చరిత్రకారుని చేతిలో ఉండదు. ఆ పాట గొప్పతనం అది మొదటిసారి పాడిన రాత్రిలో లేదు. హార్మోనియం శ్రుతి అందగానే వేల రాత్రులు వేల గొంతులు దానిని ఎత్తుకోవడంలో ఉంది.

ఈ ఉదాహరణ వల్ల ఒక మౌలికమైన వైరుధ్యం బయటపడుతున్నది. తేదీ నమోదు చేసేది ప్రథమావృతిని. జనాదరణ అనేది పునరావృతి. ఒక పాట మళ్ళీ మళ్ళీ పాడబడితేనే, వినబడితేనే జనరంజకమవుతుంది. జనరంజక సంగీతాన్ని ప్రథమావృతుల జాబితాగా రాసినప్పుడు అందులో 'జనరంజకం' అనే విశేషణానికి ఆధారమైన అంశమే జారిపోతుంది. వినడానికి వీలులేని పాటలకు తేదీ ఉండి, నేటికీ వినిపిస్తున్న పాటలకు తేదీ లేని కేశవదాసు విషయంలో ఈ వైరుధ్యం పరాకాష్ఠకు చేరింది.

4. జన్మదినం ఉద్యమంగా మారిన సందర్భం: బాబ్ మార్లే

1945 ఫిబ్రవరి 6న జమైకాలోని సెయింట్ ఆన్ ప్రాంతంలో నైన్ మైల్ అనే పల్లెలో బాబ్ మార్లే జన్మించాడు. జమైకా అప్పటికి బ్రిటిష్ వలస. అది 1962 ఆగస్టు 6న స్వతంత్రమైంది. మార్లే 1981 మే 11న, 36 ఏళ్ళ వయసులో క్యాన్సర్‌తో మరణించాడు. ఈ రెండు తేదీల మధ్య రెగే సంగీతం కింగ్‌స్టన్ మురికివాడల నుంచి ప్రపంచమంతటికీ చేరింది. 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్‌లో జరిగిన శాంతి కచేరీలో, పరస్పరం కత్తులు దూసుకుంటున్న పక్షాల నాయకులు మైకేల్ మాన్లీ, ఎడ్వర్డ్ సియాగాల చేతులను వేదిక మీద ఆయన కలిపి పట్టుకోవడం ఆ దేశ రాజకీయ చరిత్రలో కూడా నిలిచిన దృశ్యం.

జన్మదినం అనే నమోదుకు సాధారణంగా ఒక బలహీనత ఉంటుంది. పుట్టిన రోజున ఆ శిశువు ఏ పాటా పాడలేదు. తరువాతి కీర్తిని వెనక్కి తీసుకువెళ్ళి ఆ రోజుకు అంటగడతారు. మార్లే విషయంలో మాత్రం ఈ తేదీ మరణానంతరం కొత్త అర్థాన్ని సంపాదించుకున్నది. 2005 ఫిబ్రవరి 6న, ఆయన అరవయ్యో జన్మదినాన ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో స్మారక కచేరీ జరిగింది. రాస్తఫారీ విశ్వాసులకు ఇథియోపియా పుణ్యభూమి. కాబట్టి ఆ కచేరీ అక్కడ జరగడం ఆయన పాటల్లోని ఆఫ్రికా భావనకు కొనసాగింపు. జమైకాలో ఫిబ్రవరిని రెగే మాసంగా పాటిస్తున్నారు. మార్లేతో పాటు మరొక ప్రముఖ గాయకుడు డెనిస్ బ్రౌన్ జన్మదినం కూడా ఇదే నెలలో, ఫిబ్రవరి 1న రావడం అందుకు ఒక కారణం. 2018లో యునెస్కో రెగేను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ తేదీ సమాచారం స్థాయిని దాటి ఆచరణగా మారింది. ప్రతి సంవత్సరం ఆ రోజున పాటలు మళ్ళీ పాడబడుతున్నాయి. ప్రథమావృతికి, పునరావృతికి మధ్య ఉన్న దూరాన్ని సామూహిక ఆచరణ పూడ్చగలదనడానికి ఇది నిదర్శనం. అయితే ఈ ఆచరణ వెనుక ప్రభుత్వం, పర్యాటక వ్యాపారం, రికార్డు కంపెనీల ప్రయోజనాలు కూడా ఉన్నాయన్నది మరువరాదు. వలసపాలనను, దోపిడీని నిలదీసిన పాటలు ఉత్సవ సామగ్రిగా మారే ప్రమాదం ఏ జయంతికైనా తప్పదు.

5. యాదృచ్ఛికత, అర్థకల్పన: లతా మంగేష్కర్, కవి ప్రదీప్

2022 ఫిబ్రవరి 6న ముంబయిలో లతా మంగేష్కర్ 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. దేశభక్తి గీతాలకు ప్రసిద్ధుడైన హిందీ కవి ప్రదీప్ 1915లో అదే తేదీన మధ్యప్రదేశ్‌లోని బడ్‌నగర్‌లో జన్మించాడు. చైనాతో యుద్ధంలో అసువులు బాసిన సైనికుల స్మృతిగా ప్రదీప్ రాసిన గీతాన్ని, సి.రామచంద్ర స్వరకల్పనలో, 1963 జనవరి 27న ఢిల్లీలో ప్రధాని నెహ్రూ సమక్షంలో లతా ఆలపించారు. రాసిన కవి పుట్టిన తేదీ, పాడిన గాయని వెళ్ళిపోయిన తేదీ ఒకటి కావడాన్ని ఒక విధిలిఖితంగా చెప్పుకోవడం సహజం. తెలుగులోనూ ఇటువంటి సందర్భం ఉన్నది. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. దాని దర్శకుడు కె.విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న మరణించారు.

ఈ కలయికలు యాదృచ్ఛికాలు. సంవత్సరానికి ఉన్న రోజులు కొన్నే. ప్రసిద్ధుల జననమరణాలు అనేకం. కాబట్టి కొన్ని తేదీలు కలవడంలో వింత లేదు. విమర్శకుడు చూడవలసినది ఆ యాదృచ్ఛికతకు సమాజం ఏ అర్థాన్ని ఆపాదిస్తున్నదన్న విషయాన్ని. ప్రదీప్-లతా కలయికను తలుచుకున్నప్పుడల్లా వెయ్యికి పైగా చిత్రాల్లో పాడిన గాయని ఒక్క దేశభక్తి గీతానికి ప్రతినిధిగా కుదించుకుపోతుంది. తేదీ ఏ పాటను ఎంచుకుంటే ఆ పాటే ముందుకు వస్తుంది. మిగిలినవి నేపథ్యంలోకి జరుగుతాయి.

తెలుగు శ్రోతల జ్ఞాపకంలో లతా స్థానం ఇందుకు భిన్నమైనది. 'సంతానం' (1955) చిత్రంలో అనిసెట్టి సుబ్బారావు రాసిన జోలపాటకు సుసర్ల దక్షిణామూర్తి స్వరాలు కూర్చగా ఆమె పాడారు. తల్లి లేని ఇంట్లో అక్క తమ్మునికి పాడే పాట అది. మూడు దశాబ్దాల తరువాత 'ఆఖరి పోరాటం' (1988)లో ఇళయరాజా సంగీతంలో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంతో కలిసి యుగళగీతం పాడారు. ఆమె తెలుగు పాటలు వేళ్ళ మీద లెక్కించదగినవి. అయినా 'సంతానం' జోలపాట ఈ నేల మీద సొంత పాటలా నిలిచింది. భాషోచ్చారణలో పరాయితనం లేశమాత్రంగా వినిపించినా, ఆ లాలిత్యం ముందు శ్రోతలు దానిని పట్టించుకోలేదు. దేశమంతా ఫిబ్రవరి 6న స్మరించే లతా, తెలుగు ఇళ్ళలో జోలపాటగా గుర్తున్న లతా ఒక్కరే. కాని ఆ రెండు స్మృతులకు ఆధారాలు వేరు. ఒకటి జాతీయ సంతాపదినాల మీద నిలిచినది. రెండవది రేడియో మీద, అమ్మల గొంతుల మీద నిలిచినది.

6. తిథి, తేదీ: స్మరణలో రెండు సంప్రదాయాలు

సంగీతకారుల స్మరణ తెలుగువారికి క్యాలెండర్‌తో వచ్చినది కాదు. వాగ్గేయకారులను తిథి ప్రకారం తలుచుకోవడం పూర్వాచారం. 1847 జనవరి 6న సిద్ధి పొందిన త్యాగరాజుకు ఆరాధన జనవరి 6న జరగదు. పుష్య బహుళ పంచమి నాడు జరుగుతుంది. అన్నమయ్య వర్ధంతి ఫాల్గుణ బహుళ ద్వాదశి. తిథి ప్రతి సంవత్సరం తేదీ మార్చుకుంటుంది కాబట్టి 'చరిత్రలో ఈ రోజు' జాబితాలో అది ఇమడదు.

ఈ రెండు పద్ధతుల మధ్య భేదం కాలగణనకు మాత్రమే పరిమితం కాదు. తిథి నాడు జరిగే ఆరాధనలో కర్త జీవిత వివరాల కంటే కృతుల గానానికి ప్రాధాన్యం. తిరువయ్యారులో పంచరత్న కీర్తనలను విద్వాంసులంతా కలిసి పాడడమే ఆరాధన. తేదీ నాడు జరిగే స్మరణలో పాట కంటే పాటకు సంబంధించిన సమాచారానికి ప్రాధాన్యం. అయితే తిథి సంప్రదాయాన్ని ఆదర్శంగా చూపడం కూడా సరికాదు. త్యాగరాజ ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేని కాలం ఉన్నది. త్యాగరాజ సమాధి స్థలాన్ని ఉద్ధరించి, అక్కడ స్త్రీల గానానికి చోటు సాధించినవారు బెంగుళూరు నాగరత్నమ్మ. ఎవరు పాడవచ్చు, ఎవరు పాడకూడదు అనే ఆంక్ష తిథి సంప్రదాయంలో కనిపిస్తే, ఎవరి పేరు నమోదవుతుంది, ఎవరి పేరు నమోదు కాదు అనే ఆంక్ష తేదీ సంప్రదాయంలో కనిపిస్తుంది.

7. ఒక పాటకు ఎన్ని తేదీలు?

సినిమా పాటకు ఒకే తేదీ ఉంటుందన్న భావన కూడా పరీక్షకు నిలవదు. కవి పల్లవి రాసిన రోజు, బాణీ కుదిరిన రోజు, రికార్డింగ్ జరిగిన రోజు, గ్రామఫోన్ రికార్డు లేదా క్యాసెట్ బజారులోకి వచ్చిన రోజు, సినిమా విడుదలైన రోజు, రేడియోలో తొలిసారి వినిపించిన రోజు వేరువేరు. 1952లో బి.వి.కేస్కర్ సమాచార ప్రసారశాఖ మంత్రిగా ఉన్న కాలంలో ఆకాశవాణి నుంచి సినిమా పాటలు తప్పుకున్నాయి. 1957 అక్టోబర్ 3న వివిధభారతి ప్రారంభమయ్యేవరకు శ్రోతలు రేడియో సిలోన్‌ను ఆశ్రయించారు. ఆ ఐదేళ్ళలో వచ్చిన పాటకు విడుదల తేదీ ఒకటి, ఇంటింటి పాటగా మారిన కాలం మరొకటి.

స్థలభేదం వల్ల కూడా తేదీ చీలిపోతుంది. 'ఆర్ఆర్ఆర్'లో చంద్రబోస్ రాయగా కీరవాణి స్వరపరచిన నృత్యగీతానికి ఆస్కార్ పురస్కారం లాస్ ఏంజెలస్‌లో 2023 మార్చి 12 సాయంత్రం లభించింది. హైదరాబాదులో అది మార్చి 13 ఉదయం. ఒకే క్షణాన్ని అమెరికాలోని తెలుగువారు ఒక తేదీతో, ఇక్కడి తెలుగువారు మరొక తేదీతో గుర్తుంచుకుంటారు. రెండూ సత్యమే.

మరొక లోపం కర్తృత్వానికి సంబంధించినది. జాబితాల్లో సినిమా పేరు, దర్శకుని పేరు, తరువాత గాయకుని పేరు వస్తాయి. కవి, స్వరకర్త, వాద్యకారుల పేర్లు అరుదు. 'భక్త ప్రహ్లాద' విడుదలను పేర్కొనే వాక్యంలో హెచ్.ఎం.రెడ్డి ఉంటారు. కేశవదాసు చాలాసార్లు ఉండరు. తొలి సినీకవిని తొలి సినిమా వాక్యంలోనే చేర్చని చరిత్ర, పాటను సినిమాకు అనుబంధంగా భావించే దృష్టికి ప్రతిఫలనం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తేదీ నిర్ణయం వ్యర్థమైన పని కాదు. 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీ సవరణ వల్ల 'కాళిదాస్'కు, దానికి మధ్య ఉన్న పూర్వాపరాలు మారాయి. సంప్రదాయంగా వచ్చిన తేదీని ఆధారాలతో పరీక్షించడం పరిశోధకుని ప్రథమ కర్తవ్యం.

2. సినిమా తేదీ, పాట తేదీ ఒకటి కావు. నమోదు చేసేటప్పుడు అది రచనకు సంబంధించినదా, రికార్డింగుకు సంబంధించినదా, విడుదలకు సంబంధించినదా అని స్పష్టం చేయాలి.

3. జనరంజక సంగీతానికి పునరావృతి ప్రాణం. తేదీ లేని రంగస్థల ప్రార్థనలు, జోలపాటలు, పండుగ పాటలు చరిత్రలో భాగం కావాలంటే జాబితా రూపాన్ని దాటి శ్రోతల జ్ఞాపకాలను, వాడుకను ఆధారాలుగా స్వీకరించాలి.

4. తేదీల కలయికలకు సమాజం కల్పించే అర్థాలు కొన్ని పాటలను ముందుకు తెచ్చి, కొన్నింటిని వెనక్కి నెడతాయి. ఆ ఎంపికను విమర్శకుడు గుర్తించి చూపాలి.

5. కవి, స్వరకర్తల పేర్లు లేని నమోదు సంగీత చరిత్రగా అసంపూర్ణం.

'భక్త ప్రహ్లాద' ప్రతి దొరకనంత కాలం తొలి సినీకవి రాసిన పాటలకు సంబంధించి మిగిలేది ఫిబ్రవరి 6 అనే తేదీ మాత్రమే. ఆయన రంగస్థల ప్రార్థనను గుర్తున్నవారు ఇంకా ఉన్నారు. సురభి కుటుంబాల్లో, పల్లెల్లోని పౌరాణిక నాటక సమాజాల్లో దానిని పాడేవారి నుంచి పాఠాంతరాలతో, వరసలతో సహా సేకరించి భద్రపరచడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, సంగీత శాఖలు కలిసి చేపట్టవలసిన పని. తేదీ కాగితం మీద నిలిచి ఉంటుంది. ఆ గొంతులకు అంత వ్యవధి లేదు.